కట్టె భుజం దాటొద్దు

మొన్న మక్తల్ నుంచి మా మేనమామ కొడుకు వచ్చాడు. చాయ్ తాగుతూ వాళ్ల ఊరి వానల సంగతి, బస్సుల సంగతి చెప్పి, ఆ వరసలోనే ఆ మనిషి పోయాడని కూడా చెప్పాడు. "నీతోని కాలేజీల ఆడిండు కద బావా, గాయనే," అన్నాడు. అయ్యో అనాలి. నోటికి రాలేదు. వాడు ఒక క్షణం నా ముఖం చూసి చాయ్ కప్పు కింద పెట్టి వేరే మాట ఎత్తుకున్నాడు.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాద అంటారు. అతని గురించి నా దగ్గర నాలుగు లేవు. ఉన్నదేదో రాస్తాను, మంచో చెడో చదివినవాళ్లే తేల్చుకోండి. పేరు మాత్రం రాయను. అతను నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు కాబట్టి ఇందులో అన్యాయమేమీ లేదు.

సాగర్ డ్యాం కడుతున్న రోజులు. పాలమూరు కాలేజీలో మా హాకీ జట్టుకు అతను కెప్టెన్, నేను గోల్‌కీపర్‌ని. అతను సెంటర్ హాఫ్ ఆడేవాడు. అంటే మైదానం నడిమధ్య నిలబడి, ముందున్న వాళ్లను ముందుకు చూసి, వెనకున్న వాళ్లను వెనక్కి తిరిగి తిట్టడానికి వీలైన చోటు. పెద్ద పొడగరి కాదు. మెడ మాత్రం మోటుగా ఉండేది. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి కళ్లలోకి చూసేవాడు కాదు, కాళ్లకేసి చూసేవాడు. ఎవడి కాలు ఎటు తిరిగి ఉందో చూసి వాడు ఎటు పరిగెడతాడో చెప్పేవాడు. చెప్పినట్టే జరిగేది, అందుకు ఇంకా మండేది.

అందరికీ పేర్లు పెట్టాడు. కాస్త నత్తిగా మాట్లాడే లెఫ్ట్ అవుట్ కుర్రవాడు 'రేడియో'. లావుగా ఉండే రైట్ బ్యాక్ 'బస్తా'. మొదటి ఆటలోనే బంతి నా కాళ్ల సందులోంచి గోల్లోకి పోయింది కాబట్టి నేను 'దర్వాజా'. క్లాసులో, మెస్సులో, బజార్లో, ఆడపిల్లలు నిలబడిన చోట కూడా "ఓ దర్వాజా" అనే కేక. మేము మాత్రం అతన్ని కెప్టెన్ సాబ్ అనాలి. ఒకసారి రేడియో పొరపాటున అన్నా అన్నాడు. ఆ సాయంత్రమంతా వాడు మైదానం చుట్టూ పరిగెత్తుతూనే ఉన్నాడు.

మమ్మల్ని దిద్దడానికి అతనికి ఒక పద్ధతి ఉండేది. హాకీలో బంతి ఆడేటప్పుడు చేతిలోని కట్టె భుజం ఎత్తు దాటకూడదు. దాటితే ఫౌలు. స్టిక్స్ అంటారు దాన్ని. పల్లెల నుంచి వచ్చిన మాకు కట్టె అంటే ఎత్తి కొట్టేదే కదా. బంతి కనబడితే చాలు, గొడ్డలి లేపినట్టు లేపేవాళ్లం. అందుకని అతను పాత ధోవతి పేలికలుగా చింపి, ప్రాక్టీసుకు ముందు ఒక్కొక్కడినీ నిలబెట్టి, కుడి మోచేతి పైభాగాన్ని పక్కటెముకలకు ఆనించి గట్టిగా కట్టేవాడు. ఊపిరి ఆడేది కాదు. చెమటకు పేలిక ఒరుసుకుని చర్మం లేచిపోయేది. ఎవడైనా విప్పేస్తే వాడి పిక్క మీద కట్టె పడేది.

"కట్టె భుజం దాటొద్దు. దాటిందా, అంపైరు ఊదెకన్న ముందు నేను కొడ్త," అనేవాడు. తను మాత్రం ఎన్నడూ కట్టుకోలేదు. అతనికి ఆ అవసరం లేదు, నిజమే. అంత పొదుపుగా, అంత కిందినుంచి బంతిని కొట్టేవాడిని నేను తర్వాత కూడా చూడలేదు. అది ఆట గురించి. మనిషి గురించి కాదు.

మక్తల్ వైపు గొర్లు కాసుకునే ఇంటి నుంచి వచ్చాడు. నాదీ ఆ వైపే, మాది వ్యవసాయం. ఇంటి పనంటే మాలో సిగ్గుపడేవాళ్లు ఎవరూ లేరు, ఎవరి సంగతి ఎవరికి తెలియదని. అతనికి మాత్రం గొర్రె మాటంటేనే పడదు. చలికాలం మేమంతా గొంగళ్లు కప్పుకుని ముడుచుకుని పడుకుంటే, అతను పల్చటి దుప్పటి కింద వణుకుతూ తెల్లవార్చేవాడు. ఆ వాసన తనకు సరిపడదనేవాడు. మేం తప్పు ఆడినప్పుడు మాత్రం తిట్టడానికి అతనికి గొర్రె తప్ప ఇంకోటి దొరికేది కాదు. "గొర్రె గూడ తోవ యాదిపెట్టుకుంటది. మీకేమొచ్చిందిరా?" ఇది రోజూ వినే మాట.

తమాషా ఏమిటంటే అతని చేతలన్నీ మంద కాచేవాడి చేతలే. ప్రాక్టీసు అయ్యాక హాస్టలు గేటుకు తన కట్టె అడ్డం పెట్టి, ఒక్కొక్కడినీ దాని కిందినుంచి లోపలికి వదిలేవాడు. మా మేనమామ దొడ్లో గొర్లను అచ్చం అట్లాగే వదులుతుంటే చిన్నప్పుడు చూశాను. ఆ మాట నేను బస్తాకు చెబితే, వాడు నవ్వాపుకోలేక మెస్సులో అన్నం కక్కాడు.

మా మైదానం ఊరి చివర మొరం నేల. పొద్దు గుంకే వేళ ఒక ముసలి కాపరి మంద నా గోలు వెనకనుంచి మైదానంలోకి వచ్చి, అడ్డంగా దాటి అవతలి పొలాల్లోకి పోయేది. కాలేజీ రాకముందునుంచీ వాటి దారి అదే. ఆ కాసేపు ప్రాక్టీసు ఆగేది. మేం కూచుని చెమట తుడుచుకునేవాళ్లం. అతను ఒక్కడు మందకు వీపు పెట్టి అటు తిరిగి నిలబడేవాడు, దుమ్ము అణిగేదాకా. ముసలాయన పలకరించినా పలికేవాడు కాదు. ఆ పొగరు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ యేడు మేం ఆడిన ప్రతి ఆటా ఓడిపోయాం. కాలేజీల పోటీల్లో మా అంత చెత్తగా ఆడిన జట్టు ఇంకొకటే ఉంది, నల్లగొండ. వాళ్లూ ఒక్క ఆటా గెలవలేదు. చివరి ఆట మా ఇద్దరికీ మధ్య, మా మైదానంలో. ప్రిన్సిపాల్ జట్టును పిలిచి, ఇది కూడా ఓడి అట్టడుగున నిలిస్తే వచ్చే యేటి నుంచి కాలేజీలో హాకీ ఉండదని, ఆ జాగాలో గదులు కట్టిస్తానని చెప్పేశాడు. చదువు నాకు అంతంతమాత్రం. ఆ రెండు కర్రల మధ్య నిలబడ్డప్పుడే నేనొక మనిషిననిపించేది.

అతనికైతే ఇంకా పెద్ద చిక్కు. బీఏ తప్పాడు. జట్టుకు ఆటగాడు కావాలి కాబట్టి మళ్లీ చేర్చుకుని హాస్టల్లో చోటిచ్చారు. హాకీ లేదంటే అతనికి అక్కడ పనిలేదు. ఆ సంగతి ఎవరు చేరవేశారో, ఆటకు ముందు ఆదివారం వాళ్ల నాయిన వచ్చాడు. భుజాన గొంగడి, చేతిలో పొడుగాటి కర్ర. లోపలికి రమ్మన్నా రాకుండా గేటు బయటే నిలబడ్డాడు. నేను గోడ పక్కన ప్యాడ్లు ఎండేస్తున్నాను.

"ఆట ఉన్నన్ని దినాలు ఉండు బిడ్డా. ఆట లేదంటే మందకు రావాలె. నా మోకాళ్లు పనిచేస్తలెవ్వు," అన్నాడు పెద్దాయన, కోపం ఏమీ లేకుండానే.

"ఆట ఉంటది నాయినా," అన్నాడు ఇతను.

"ఉంటే ఉండు. లేకుంటే రా. నాకు మాటియ్యి."

ఇతను చాలాసేపు వాళ్ల నాయిన కాళ్లకేసి చూసి, సరే అన్నాడు. పెద్దాయన మూటలోంచి రొట్టెలు తీసి ఇచ్చి బస్సుకు నడిచిపోయాడు. వెనక్కి తిరిగి నన్ను చూడగానే ఇతని ముఖం మారిపోయింది. రొట్టెలు నా మీదికి విసిరినంత పనిచేసి, ప్యాడ్లు ఎండేసుడు కాదు బంతి ఆపుడు నేర్చుకొమ్మని తిట్టుకుంటూ పోయాడు. ఆ రోజునుంచి ఆట రోజుదాకా మాకు పేలికలు విప్పడమే లేదు.

ఆట రోజు పొద్దున అతను ఎన్నడూ చేయని పని చేశాడు. ముసలి కాపరి ఉండే చోటికి వెళ్లి, ఈ ఒక్కరోజు మందను గుట్ట చుట్టూ తిప్పి తోలుకుపొమ్మని అడిగాడు. తిరిగొచ్చి, ముసలోడు ఒప్పుకున్నడని చెప్పాడు. బతిమాలాడో బెదిరించాడో నాకు తెలియదు. బెదిరించే ఉంటాడు.

నల్లగొండ వాళ్ల బస్సు దారిలో చెడిపోయి, ఆట అయిపోవలసిన వేళకు వాళ్లు దిగారు. ఆకలితో, చిరాకుతో దిగారు. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ హుజూర్‌నగర్ దిక్కువాడు, పొడగరి. మైదానంలో అడుగుపెడుతూనే మమ్మల్ని ఎగాదిగా చూసి, "మా డ్యాముకాడ తట్టలు మోసేటోళ్లు కట్టెలు ఎప్పుడు పట్టిండ్రు?" అన్నాడు. అప్పటికి మా చిన్నాయన అక్కడ తట్ట మోస్తూనే ఉన్నాడు. మావాళ్లు ఊరుకోలేదు. వాళ్ల ఊరి నీళ్ల గురించి, ఆ నీళ్లు పాడుచేసిన వాళ్ల పళ్ల గురించి మావాళ్లు అన్న మాటలు ఇక్కడ రాయను. కాసేపటికే అది ఆటలాగా లేదు. బంతి ఒక దిక్కు, కట్టెలు ఒక దిక్కు. రేడియో పిక్క పగిలింది. వాళ్ల గోల్‌కీపర్ ముక్కు వాచింది. చుట్టూ నిలబడ్డ మా కాలేజీ పిల్లలు గులకరాళ్లు ఏరి జేబుల్లో పెట్టుకుంటున్నారు.

అంపైరు ఏదో బడిలో డ్రిల్లు మాస్టరు. సగం ఆట ముగిశాక ఇద్దరు కెప్టెన్లనూ పిలిచి, ఇకమీదట కట్టె భుజం దాటితే ఎవరు, ఎందుకు అని చూడకుండా ఊదుతానని అందరికీ వినబడేలా చెప్పాడు. మా కెప్టెన్ మా వైపు తిరిగి తన మోచేయి పక్కటెముకలకు రెండుసార్లు కొట్టి చూపించాడు. మాకు అర్థమైంది.

నిజం చెప్పాలి, రెండో సగం అతను ఆడినలాంటి ఆట నేను మళ్లీ చూడలేదు. హుజూర్‌నగర్ వాడు ఎన్నిసార్లు వచ్చినా బంతి ఇతని దగ్గరే ఆగిపోయింది. వాడు మోచేత్తో ఇతని పెదవి చిట్లగొట్టాడు. ఇతను రక్తం ఉమ్మి ఆడాడు. రెండు జట్లూ గోలు చేయలేదు. అట్లాగే ముగిస్తే మేం ఒక్కళ్లమే అట్టడుగున పడం, ప్రిన్సిపాల్‌ను బతిమాలుకోవచ్చు. పొద్దు బాగా కిందికి దిగింది. ఇంకాస్త నిలబడితే చాలు.

అప్పుడు నా వెనక గజ్జెల చప్పుడు వినబడింది.

ముసలాయన మాట తప్పలేదు. మందను గుట్ట చుట్టే తోలాడు. కానీ మైదానం మలుపు దగ్గరికి రాగానే ముందున్న పొట్టేలు తనకు అలవాటైన దారి పట్టింది. ఒకటి పోతే మిగతావి ఆగుతాయా? ముసలాయన వెనకనుంచి అరుస్తూ పరిగెత్తి వస్తున్నాడు, మంద నా గోలును రెండువైపులనుంచీ చుట్టుకుని లోపలికి వచ్చేసింది.

బంతి అప్పుడు మా గోలు ముందరే, అతని కట్టె దగ్గర ఉంది. హుజూర్‌నగర్ వాడు మీదికి వస్తున్నాడు. అంపైరు బంతినే చూస్తున్నాడు, మందను ఇంకా చూసినట్టు లేదు. బంతిని పక్కకు కొట్టేస్తే అయిపోయేది. పొట్టేలు నేరుగా అతని మీదికి వస్తోంది, దాని వెనక గొర్రెలూ పిల్లలూ అందరి కాళ్ల మధ్యకు, ఊగుతున్న కట్టెల మధ్యకు వస్తున్నాయి. నేను అతని ముఖం చూశాను. అందులో ఆలోచన ఏమీ లేదు. కుడిచెయ్యి దానంతట అదే లేచింది. కట్టె నెత్తిమీదికి నిటారుగా పోయింది. గొంతులోంచి ఒక కూత వచ్చింది. అన్ని నెలలూ అతను మమ్మల్ని తిట్టిన గొంతు కాదది. పొట్టేలు ఆగి, మెడ తిప్పి, పక్కకు మళ్లింది. మందంతా దాని వెంట ఒంగి, ఒక్క పిల్లకు కూడా దెబ్బ తగలకుండా మైదానం అంచుకు పోయింది.

విజిల్ మోగింది. అంపైరు తన చెయ్యి భుజం మీదికి ఎత్తి చూపించాడు. స్టిక్స్.

మేమంతా అంపైరు మీదికి ఉరికాం. మంద వచ్చినప్పుడు ఆట ఆపాలి కదా, అతను బంతిని కొట్టడానికి ఎత్తలేదు కదా అని అరిచాం. మావైపు న్యాయం ఉంది, ఇప్పటికీ అంటాను. అంపైరు కూడా తడబడ్డాడు. కెప్టెన్ గట్టిగా ఒక్కమాట అంటే వెనక్కి తీసుకునేవాడే. విజిల్ మోగిన ప్రతిసారీ కొట్లాడే మనిషి, ఉత్తపుణ్యానికి అంపైర్ల మీద విరుచుకుపడే మనిషి, ఆ ఒక్కసారి మమ్మల్ని తోసుకుంటూ వచ్చి, "భుజం దాటింది. ఫౌలే," అన్నాడు. నాకు అతని గొంతు పిసకాలనిపించింది.

ఫౌలుకు శిక్షగా నల్లగొండకు షార్ట్ కార్నర్ ఇచ్చారు. గీత మీదినుంచి బంతి నెట్టారు, ఒకడు చేత్తో ఆపాడు (అప్పట్లో అది తప్పు కాదు), హుజూర్‌నగర్ వాడు కొట్టాడు. నేల మీదే వచ్చింది. రాయికి తగిలి మళ్లిందని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు. నా రెండు ప్యాడ్ల మధ్యనుంచి పోయింది. తర్వాత ఆట సాగిందో లేదో కూడా తెలియనట్టే ముగిసింది. నల్లగొండ వాళ్లు గెంతుతున్నారు. హుజూర్‌నగర్ వాడు ఇతని దగ్గరికి వచ్చి, పోయి గొర్లకాడ ఆడుకొమ్మన్నాడు. ఇతను వాణ్ణి వదిలేసి నా దగ్గరికి వచ్చాడు. మొత్తం కాలేజీ వింటుండగా నా కాళ్లకేసి చూస్తూ అన్నాడు.

"దర్వాజా. బాలు నువ్వు ఆపాల్సుండె."

అంతే. కాలేజీలో అందరికీ ఆ మాటే మిగిలింది. మంద మరిచిపోయారు, ఫౌలు మరిచిపోయారు. గోల్‌కీపర్ వల్ల హాకీ పోయిందన్నారు. రాళ్లు లేచాయి, నల్లగొండ బస్సు అద్దాలు పగిలాయి, ఆ గొడవలో ఎవరో నన్ను కూడా రెండు వేశారు, మావాళ్లే. అతను ఆ రాత్రికి రాత్రే ట్రంకు పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు. తెల్లారి చూస్తే హాస్టలు గేటుకు పేలికలన్నీ ముడివేసి వేలాడదీసి ఉన్నాయి. మేం డిగ్రీ పూర్తిచేసేలోపే మైదానంలో గదుల గోడలు లేచాయి. నా గోలు ఉన్నచోట మరుగుదొడ్లు కట్టారు.

కొన్నేళ్ల తర్వాత, నేను బడిపంతులు పనిలో చేరాక, ఎండాకాలం సెలవుల్లో మక్తల్ పోతున్నాను. ఊరికి కాస్త ఇవతల బస్సు ఆగింది. పెద్ద మంద రోడ్డు మీదికి వచ్చేసింది. ఇద్దరు కాపర్లు. ఒకడు పడుచువాడు, ముందువైపు కర్ర గాల్లోకి ఎత్తి కూతలు పెడుతూ బస్సుకు దారి చేస్తున్నాడు. వెనకవైపు ఉన్నది అతను. మెడ అదే. తలకు రుమాలు, భుజాన గొంగడి. ఆ గొంగడి చూసి నాకు ఒకలాంటి తృప్తి కలిగింది, దాచను.

నా కిటికీ దగ్గరికి వచ్చేసరికి అతనూ నన్ను చూశాడు. ఎట్లున్నవని అడగలేదు. వాళ్ల నాయిన గురించి నేను అడగలేదు.

"దర్వాజా," అన్నాడు. "ఆ బాలు నువ్వు ఆపాల్సుండె."

ఇన్నేళ్లు కడుపులో పెట్టుకున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. "కట్టె నువ్వు లేపకుంట ఉండాల్సుండె," అన్నాను, బస్సులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా.

తిడతాడనుకున్నాను. తిడితే దిగి కొట్లాడడానికి లేచి నిలబడ్డాను కూడా. అతను మళ్లీ బస్సు ముందుకు పోయాడు. వెనక మిగిలిన గొర్లు రోడ్డు నడిమధ్య ముద్దగా ఆగిపోయాయి. డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టి, తల బయటపెట్టి, "ఏందయ్యా నువ్వు, జర కట్టె లేపు. లేపితే అవే పోతయ్ కద," అని అరిచాడు. ముందున్న పడుచువాడు కూడా అదే అరిచాడు, రోజూ అరిచే మాటలాగే అరిచాడు.

అతను లేపలేదు. పొడుగాటి కర్రను మోకాళ్ల ఎత్తున అడ్డంగా పట్టుకుని, నడుం వంచి, ఈ పక్కనుంచి ఆ పక్కకు పరిగెడుతూ, ఒక్కొక్క గొర్రెనూ ఒంటితోనే తోసుకుంటూ రోడ్డు దింపాడు. చాలాసేపు పట్టింది. బస్సులోవాళ్లు విసుక్కున్నారు, కొందరు నవ్వారు. నేను నిలబడే చూశాను. అతని కుడి మోచేయి పక్కటెముకలకు ఆనుకునే ఉంది, ఎవరో కట్టేసినట్టు. చివరి గొర్రె దిగేదాకా ఆ కట్టె భుజం దాటలేదు.